గ్వాదెలూప్‌లో జూలై పద్నాలుగు

జెర్సీ సిటీ ఆసుపత్రిలో నాతో పనిచేసిన నర్సు ఒకామెది గ్వాదెలూప్ ద్వీపం. ఎనభైల మొదట్లో ఒక వేసవిలో ఆమె సెలవు పెట్టి ఊరికి వెళుతూ, "డాక్టర్, మీరూ రండి. మా అమ్మ చేతి వంట తిందురుగాని" అంది. మావారికి సెలవు దొరకలేదు. ఎనిమిదేళ్ళ మా అమ్మాయిని వెంటబెట్టుకుని నేనే బయలుదేరాను. అప్పటికి నేను అమెరికా పౌరసత్వం తీసుకుని నాలుగు నెలలు కూడా కాలేదు.

ఆ ద్వీపం కరీబియన్ సముద్రంలో ఉన్నా ఫ్రాన్సులో భాగమే. అక్కడి జాతీయ పండుగ కూడా జూలై పద్నాలుగే. రెండు శతాబ్దాల కిందట పారిస్ జనం రాజుగారి జైలు కోట మీద విరుచుకుపడిన రోజది. ఆ పొద్దున వీధిలో బ్యాండు మోగుతుంటే మా అమ్మాయి కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మా, ఇది మన ఫోర్త్ ఆఫ్ జూలై లాంటిదా?"

'మన' అనడం దానికి ఎంత తేలికో! నాకింకా నోరు తిరగలేదు. "అలాంటిదే" అన్నాను.

నర్సు తల్లికి డెబ్బై దాటాయి. ఈ పండుగంటే ఇష్టమేనా అని ఆవిడను అడిగాను. ఆవిడ ఆ ద్వీపవాసుల క్రియోల్ భాషలో చెబుతుంటే కూతురు ఇంగ్లీషులో వినిపించింది. "ఆ కోట పడిననాడు మావాళ్ళు ఇక్కడ చెరకు తోటల్లో బానిసలు. తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు బానిసలే. ఇక ఇది నా పండుగెలా అవుతుంది అంటోంది అమ్మ."

అయినా ఇస్త్రీ గౌను వేసుకుని మా అందరికంటే ముందు గుమ్మంలో నిలబడింది ఆవిడే.

ఊరి మధ్య మైదానంలో ఫైరింజను సిబ్బంది కవాతు చేశారు, మేయరు మాట్లాడాడు. జాతీయగీతం పాడుతున్నంతసేపూ ఆవిడ జెండా వైపు చూడలేదు. పక్కనున్న రాతి స్తంభాన్నే చూస్తోంది. యుద్ధాల్లో పోయిన ఆ ఊరివాళ్ళ పేర్లున్నాయి దాని మీద. జనం పలచబడ్డాక వెళ్ళి ఒక పేరును వేళ్ళతో తడిమింది. ఫ్రాన్సు తరఫున పోరాడ్డానికి వెళ్ళి తిరిగిరాని తమ్ముడట.

ఆవిడ ఏదో గొణిగింది. నర్సు చెప్పింది: "వద్దంటే వినకుండా వెళ్ళాడట. వాణ్ణి ఇచ్చుకున్నాక ఆ దేశం కొంచెమైనా నాది కాకుండా ఎలా పోతుంది అంటోంది."

పౌరసత్వ ప్రమాణం చేసిననాడు హాలంతా చప్పట్లు కొడుతుంటే నాకు దుఃఖం వచ్చింది. దేన్నో వదిలేసి వచ్చినట్టు అనిపించింది. ఆవిడ మాటతో ఆ బెంగ తీరిపోయిందని చెప్పను. కానీ ఒక దేశంతో పేచీ పడుతూనే దాన్ని నాదనుకోవచ్చని ఆ రాతి స్తంభం దగ్గరే మొదటిసారి తోచింది.

మధ్యాహ్నం ఆవిడ మేకమాంసం కూర వండింది. ధనియాలు, ఆవాలు దంచి వేసిన మసాలా వాసన మా ఇంటి వాసనే. బానిసత్వం పోయాక ఇండియా నుంచి చెరకు తోటల్లోకి వచ్చిన కూలీలు తెచ్చిన మసాలాట. సాయంత్రం అదే మైదానంలో డాన్సులు మొదలయ్యాయి. ఆవిడ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని గుంపులోకి లాక్కెళ్ళి, నన్నూ రమ్మని సైగ చేసింది. కుచ్చెళ్ళు ఎగదోపుకుని వెళ్ళాను.