కెమెరా ఫైల్‌ల అత్తమ్మ

సాఫ్ట్‌వేర్ నౌకరిల చేరిన కొత్తల, ఒక ఆదివారం అత్తగారి ఊరు కల్వకుర్తికి పోయిన. మతిమరుపుతో ఉన్న మా అత్తమ్మ ఆ మధ్యాహ్నం మందుల షాపు దగ్గర కనిపించకుండ పోయింది. బజారంతా తిరిగినా దొరకలేదు. చీకటి పడితే ఎట్లనని మామయ్యకు ఒకటే ఫికర్.

షాపాయన పాత కంప్యూటర్‌ల కెమెరా రికార్డింగు పెట్టిండు. "పొద్దటి సంది అంత ఒక్కటే ఫైలమ్మా. ముందుకు జరిపితే బందైతాంది," అన్నడు. మొదటి నుంచి చూసుకుంట కూర్చుంటే పొద్దు గూకుతది.

అక్కడికక్కడే చిన్న ప్రోగ్రామ్ రాసిన. ఫైల్‌ల కావాల్సిన చోటికి నేరుగ తీసుకపోయే 'ఎల్‌సీక్' అనే కమాండు వాడితే ఎర్రర్ వచ్చింది. ఫైల్ మరీ పెద్దది, ఆ చోటును చెప్పే అంత పెద్ద అంకె దానికి పట్టలేదు.

"ఏమైంది బిడ్డా?" అన్నడు మామయ్య. నేను ఆ ఎర్రర్‌ను మళ్ల చదివిన.

పెద్ద ఫైళ్ల కోసమే ఉన్న 'ఎల్ఎల్‌సీక్' అప్పుడు యాదికొచ్చింది. మార్చి నడిపిన. తెర మీద మధ్యాహ్నపు బజారు కనిపించింది. అత్తమ్మ ఒక్కతే షాపు ముందర ఆగిన శ్రీశైలం బస్సెక్కుతాంది.

బస్టాండుకు ఉరికి అడిగితే, అక్కడి ఆర్టీసీ వాళ్లు కండక్టర్‌కు ఫోన్ చేసి కనుక్కున్నరు. ఎక్కడ దిగాల్నో చెప్పలేకపోతే, కండక్టర్ ఆమెను దారిలున్న డిండిల దింపి కూర్చోబెట్టిండట. ఆటోల పోయినం. బెంచీ మీద ఒదిగి కూర్చున్న అత్తమ్మను పట్టుకొని ఏడ్చిన.

ఆమె కొంగుతో నా కండ్లు తుడిచి, "ఏడ్వకు. ఎవల బిడ్డవమ్మా నువ్వు?" అన్నది.

ఇప్పుడు ఊరికి పోయినప్పుడల్ల, వాకిట్లనే నా పేరు చెప్పినంకనే ఆమె పక్కన కూర్చుంట.