గృహప్రవేశానికి వెళ్లిన సముద్రం

గాలిలోని బొగ్గుపులుసు వాయువును సముద్రం ఎంత మింగుతోందో కొలవడం మా మాస్టారి పరిశోధన. పడవెక్కితే ఆయనకు కళ్లు తిరుగుతాయి కనుక కొలిచేది నేను. డెబ్భైల చివర్లో బందరు కాలేజీలో నేను ఆయన సహాయకురాలిని. మా నాన్న ఊళ్లో అద్దకం పని చేసే సాయిబు.

కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర పడవలో లోపలికి వెళ్లి, గాలిబుడగ మిగలకుండా సీసా అంచుదాకా నింపాలి. నీళ్లలో ప్రాణమున్నదేదీ ఊపిరి పీల్చి లెక్క పాడుచేయకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ చుక్కలు వేసి బిరడా బిగించాలి. అది పచ్చి విషం. ఆ జాగ్రత్తలన్నీ నాకు నూరిపోసింది మాస్టారే.

ఓ పొద్దున్న చూస్తే పెట్టెలో ఒక సీసా లేదు.

"నిన్న మా అమ్మ పట్టుకెళ్లిందమ్మా. ఇవాళ గుడివాడలో చెల్లాయి గృహప్రవేశం. సాగరసంగమం నీళ్లు కావాలంది, ఇచ్చాను" అన్నారు తాపీగా.

"అందులో విషముందండీ! తీర్థమని అందరికీ పోస్తారు!"

ఆయన ముఖం పాలిపోయింది. "ఓరి నాయనో!" అంటూ బస్టాండుకు పరుగెత్తారు, వెనకే నేను. బస్సులో ఆయన బెంగంతా ఒకటే: "బావగారి ముందు నా పరువేం గాను?" మనుషులు పోతారన్న సంగతి ఆ మహానుభావుడికి పామర్రు దాటాక గుర్తొచ్చింది.

మేం వెళ్లేసరికి పురోహితుడు ఆ నీళ్లు వెండిగిన్నెలో పోసి, తులసి వేసి, ఉద్ధరిణె ఎత్తుతున్నాడు. "తాగకండీ, విషం!" అని గుమ్మంలోంచే అరిచాను.

"సాగరసంగమం నీళ్లలో విషమేమిటే పిల్లా, కళ్లు పోతాయ్!" అంది మాస్టారి తల్లి. చుట్టాలు నవ్వారు. మొదటి చెయ్యి అప్పటికే చాచి ఉంది.

నేను మాస్టారి వైపు తిరిగాను. "విషం నేనే వేయించాను" అంటే చాలు. ఎదురుగా బావగారు. మాస్టారు చివరికి నోరు తెరిచారు.

"అమ్మా, ఆ సీసా నింపింది ఈ సాయిబులమ్మాయే."

అంతే! గిన్నె పెరట్లో బోర్లాపడింది. చేతులు కడుక్కున్నారు, నేను నిలబడ్డ గడప మీద పసుపునీళ్లు చల్లారు. విషానికి లేని పలుకుబడి నాకుందని ఆరోజే తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పోనీలే, ప్రాణాలు నిలబడ్డాయి కదమ్మా" అన్నారాయన తిరుగుబస్సులో.

నెల తిరక్కుండా మళ్లీ మొదలు. "ఇంట్లో వ్రతముందమ్మా. ఈసారి అమ్మకో సీసా విషం లేకుండా కావాలి. నువ్వు ముట్టుకోకు, పడవవాడితో నింపించు."

"అలాగేనండీ" అన్నాను.

నేనే నింపాను, విషం వేయకుండా, అంచుదాకా, ఒక్క బుడగ లేకుండా. వ్రతం బ్రహ్మాండంగా జరిగిందట. పెద్దావిడ మళ్లీ అడిగి మరీ తీర్థం పుచ్చుకుందట.