పైడమ్మ గొంతు కోసం సుంగై సిపుట్ దాకా

నేను చేసే పని ఏమిటో ఇంట్లోవాళ్ళకి వివరించడం నాకు ఇప్పటికీ చేతకాదు. కౌలాలంపూర్ పక్కనున్న పెటాలింగ్ జయలో మా ఆఫీసు. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాం. ఆ లోపలిదాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. తాను లోపల ఉన్నానన్న సంగతి పాపం దానికి తెలియదు. డిస్కు, మైకు, గడియారం అన్నీ తన సొంతమే అనుకుంటుంది. మా సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించాలంటే అలాంటి మెషీన్లను రోజూ పాడుచేసి చూడాలి. పాడైన ప్రతిసారీ కొత్తగా కట్టుకోలేం కాబట్టి మా టీమ్‌లో ఒక ఏర్పాటు ఉంది. మెషీన్‌ని ఆపగానే ఆ రోజు దానిమీద జరిగిందంతా చెరిగిపోతుంది, మళ్ళీ మొదలుపెడితే మొదటిరోజులాగా లేస్తుంది. మలయ్‌లో లుపా అంటే మరిచిపోవడం. ఆ సెట్టింగుకి మేము పెట్టుకున్న పేరు అదే. "లుపా పెట్టావా?" అని అడగకుండా మా టీమ్ లీడ్ ఎవరినీ భోజనానికి కదలనివ్వదు.

ఈ ప్రయాణం నా పక్కసీటు దేవి వల్ల మొదలైంది. దేవిది ఉత్తరాన ఈపో దాటాక వచ్చే సుంగై సిపుట్ అనే చిన్న ఊరు. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చిన కుటుంబం. తెలుగు మొత్తం అర్థమవుతుంది, తిరిగి మాట్లాడమంటే మాత్రం ఇంగ్లీషులోకో తమిళంలోకో జారుకుంటుంది. ఒకరోజు టీ దగ్గర తన గొడవంతా చెప్పింది. వాళ్ళ మావయ్య అప్పలసామి సుంగై సిపుట్‌లో మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. షెడ్డు పైగదిలో ప్రతి శనివారం పిల్లలకి తెలుగు క్లాసు పెడతాడు. అక్కడ ఒక పాత కంప్యూటర్, అందులో ఎవరో మాస్టారు ఎప్పుడో చేసిన ప్రోగ్రామ్. బొమ్మ నొక్కితే మాట పలుకుతుంది. ఏనుగు, మామిడిపండు, చిలక అన్నీ ఉన్నాయి. ఆ పిల్లల ముత్తాతలకి బతుకునిచ్చిన రబ్బరు చెట్టు మాత్రం లేదు. కొత్త మాటలు చేర్చే వీలున్నా ఆ కంప్యూటర్ మైకు చచ్చి చాలా ఏళ్ళయింది.

"అమ్మమ్మకి సోమవారం గొంతు ఆపరేషన్. తర్వాత మాట ఎలా ఉంటుందో, అసలు ఉంటుందో లేదో డాక్టర్ చెప్పలేనన్నారు. తోట మాటలన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి," అంది దేవి ఇంగ్లీషులో.

ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నేనూ అదే అడిగాను. ఇంట్లో నాలుగు ఫోన్లలో అమ్మమ్మ మామూలు కబుర్లున్నాయి, ఎవరూ తెరిచి వినరు, పిల్లలు ప్రతి శనివారం నొక్కేది ఆ బొమ్మలనే అంది. పాత కంప్యూటర్‌ని ఉన్నదున్నట్టు కాపీచేసి కొత్త ల్యాప్‌టాప్ లోపల నడిపిస్తే మైకు పనిచేస్తుంది. రోజూ ఆఫీసులో జీతానికి చేసే పనే ఇది. ఆ శనివారమే వెళ్దామని ఇద్దరం అనుకున్నాం.

వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం దారి చెబుతాను. కె.ఎల్. సెంట్రల్ నుంచి ఉత్తరానికి వెళ్ళే ఈటీఎస్ రైళ్ళలో కొన్ని సుంగై సిపుట్‌లో ఆగుతాయి, కొన్ని ఆగవు. మాకు పొద్దున దొరికింది ఆగనిది. అందుకని ఈపోలో దిగి అక్కణ్ణుంచి కారు మాట్లాడుకున్నాం. ఈపోకి రెండున్నర గంటలు, టికెట్టు యాభై రింగిట్ల చుట్టుపక్కల. ఏసీ విపరీతం, శాలువా తీసుకెళ్ళండి. తంజుంగ్ మాలిమ్ దాటాక ఎడమా కుడీ పామాయిల్ తోటలే. ఒకప్పుడు ఇవన్నీ రబ్బరేనని దేవి చెప్పింది. ఈపో దగ్గర పడేసరికి సున్నపురాతి కొండలు పొలాల్లోంచి నిటారుగా లేచి కనిపిస్తాయి. నిద్రపోతే అవి పోయినట్టే.

ఈపో నుంచి అరగంట దారి. కారు నడిపిన మలయ్ పెద్దాయన మీరేం పని చేస్తారని అడిగాడు. వచ్చీరాని మలయ్‌లో కంప్యూటర్ లోపల కంప్యూటర్ అని చెప్పాను. ఆయన, "కరెంటు పోతే?" అన్నాడు. రెండూ పోతాయన్నాను. "సమ సాజలా," అన్నాడు, ఏదైనా ఒకటే కదా అన్నట్టు. నేను నవ్వాను. సాయంత్రానికి ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది, అప్పుడు నవ్వు రాలేదు.

అప్పలసామిగారి షెడ్డు పెద్దవీధి నుంచి రెండు సందుల అవతల. కింద విప్పిన ఇంజన్లు, గ్రీజు వాసన, పైన గదిలో చాపలు, ఒక తెల్లబోర్డు. మూలనున్న కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి ఉంది.

"దీన్ని నేను ఆపను లా," అన్నాడాయన, మాట చివర మలేసియావాళ్ళ "లా" తగిలించి, తువ్వాలు తీస్తూ. "కిందటిసారి కరెంటు పోయినప్పుడు మూడురోజులు లేవలేదు. బైకైతే తన్ని లేపుదును. దీన్ని ఏటి సేస్తాను?"

కాపీ తియ్యాలంటే ముందు ఆపాలని చెప్పాను. ఆయన దేవి వంక చూశాడు, మళ్ళీ నా వంక చూశాడు. తెరకి దణ్ణం పెట్టి ఆపేశాడు. డిస్కు బయటికి తీసి, క్లాసుకి ఇచ్చేయడానికి తెచ్చిన ల్యాప్‌టాప్‌కి తగిలించాం. కాపీ అవుతున్నంతసేపూ అందరం కిందికి దిగి, సందు చివర కొట్లో రోటీ చనాయ్ తిన్నాం. పిండిని గాల్లో తిప్పుతున్న కొట్టాయన దేవిని గుర్తుపట్టి తమిళంలో ఏదో అన్నాడు. పట్నం వెళ్ళాక చిక్కిపోయావన్నాడట. నా ప్లేటులోకి అడక్కుండానే ఇంకో గరిటెడు పప్పుచారు పడింది. రోటీ రెండు, టీ ఒకటి కలిపి ఆరేడు రింగిట్లకి మించదు.

తిరిగి వచ్చేసరికి కాపీ అయింది. డిస్కు పాతదాంట్లో పెట్టి మీట నొక్కితే అది నిజంగానే లేవలేదు. ఆ ల్యాప్‌టాప్‌లో దాని కాపీని మొదలుపెట్టాను. వెనకటి నీలం రంగు తెర, ఆ మాస్టారి చిలక బొమ్మ వచ్చాయి. దేవి నొక్కగానే "చిలక" అంది. అప్పలసామిగారు కుర్చీలో కూలబడి, "అమ్మా, రాయే! లేసింది!" అని కిందికి కేకేశాడు.

దేవి అమ్మమ్మ పైడమ్మగారు మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చింది. సన్నటి మనిషి, మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకుంది. మాట బొంగురుగా ఉంది గానీ ఎగతాళికి లోటు లేదు.

"ఎవురు బాబూ నువ్వు? ఏ ఊరు మీది?"

"గుంటూరండి."

"అదెక్కడ? సికాకోలు పక్కనేటి?"

"కాదండి, ఇంకా కిందికి."

"అందుకే మాటాడితే పేపరు సదివినట్టుంది," అని దేవిని చూసి కన్నుగీటింది.

మధ్యాహ్నమంతా ఆ గదిలో గడిచింది. అప్పలసామిగారు ఫోన్‌తో తీసి ఉంచిన ఫొటోలను ఒక్కొక్కటే ప్రోగ్రామ్‌లో పెట్టడం, పైడమ్మగారు మాట చెప్పడం, దేవి దాన్ని రెండు మూడుసార్లు తిరిగి విని సరిగ్గా పడిందో లేదో చూసుకోవడం. తెల్లారకముందు పేర్లు పిలిచే హాజరు పెరట్టు. చెట్టుకి కట్టే పాల గిన్నె మంగు. పాల కోసం చెట్టు బెరడు గీసిన గాటు మీద ఎండి అంటుకున్న పాలు ఒట్టుపాలు. తోటకి పట్టుకెళ్ళే అన్నం సల్ది. ఇందులో తెలుగెంత, అరవమెంత అని విడదీయబోయి మానుకున్నాను. ఆవిడకి అవన్నీ ఒకటే భాష. ఒక్కో మాటకి ఒక్కో కథ. "పొద్దు పొడవకముందే సెట్టు కాడికి ఎల్లిపోవాల. ఎండెక్కితే పాలు రావు. మీ అమ్మని వీపున కట్టుకుని గీసినాను నేను," అంది దేవితో. దేవి తల ఊపింది. తెలుగులో ఏమీ అనలేదు.

నాలుగవుతుండగా ఆవిడ గొంతు గరగరలాడడం మొదలైంది. ఇక చాలని కొడుకు నీళ్ళు అందించాడు. కొత్తగా పెట్టిన బొమ్మలన్నిటికీ మాటలు వచ్చేశాయి. అప్పుడు నేను, వచ్చే శనివారం మీరొక్కరే ఎలా మొదలుపెట్టాలో చూపిస్తానని అప్పలసామిగారితో చెప్పి, వర్చువల్ మెషీన్‌ని ఆపేశాను. తిరిగి మొదలుపెట్టాను. నీలం తెర, చిలక, ఏనుగు, మామిడిపండు వచ్చాయి. తర్వాత ఏమీ లేదు.

నాకంటే ముందు దేవికి అర్థమైంది. "లుపా," అంది.

ఆఫీసులో రోజూ వాడే సెట్టింగులతోనే ఈ మెషీన్‌ని కూడా కట్టాను. నేను చూసుకోలేదు, పక్కనే కూర్చున్న దేవీ చూడలేదు. మాకు అది సెట్టింగులా కనిపించడం మానేసి చాలా కాలమైంది. చెరిపిన జాగాలో ఏమైనా మిగిలిందేమోనని వెతికాను. ఏమీ మిగలకుండా ఊడ్చేసే ఆ భాగం కోడు రాసింది నేనే. ఆఫీసులో దానికి మెచ్చుకున్నారు కూడా. బాగా పనిచేసింది.

పైడమ్మగారి ముందు చాప మీద కూర్చుని జరిగింది చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, అదింకా కష్టంగా ఉంది. మళ్ళీ చెబుతానని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"వొద్దమ్మా! డాక్టరు ఏటి సెప్పినాడు?" అని కొడుకు గట్టిగానే అన్నాడు. "పోతే పోనాయి. ఒగ్గీ."

ఆవిడ ఒగ్గలేదు, వదిలిపెట్టే మనిషి కాదు. దేవి చెయ్యి పట్టి మైకు ముందు కూర్చోబెట్టింది. ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి ఆ బాధ లేదు. మొదటి ఫొటో నాచేత పెట్టించి, దేవి వంక చూసి గడ్డం ఎగరేసింది. దేవి నా వంక చూసింది. ఆ మాటలు నేనూ విన్నాను గానీ, వాటిని మూడేసిసార్లు తిప్పి విన్నది తను.

"పెరట్టు," అంది దేవి, భయపడుతూ.

పైడమ్మగారు పక్కనున్న స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక్కసారి కొట్టింది. సరే అన్నట్టు. తర్వాతది తప్పు పలికితే రెండుసార్లు కొట్టేది. మంగుకి ఒకటి. సల్దికి రెండు, మళ్ళీ రెండు, తర్వాత ఒకటి. "చ" అనబోయినప్పుడల్లా గ్లాసు మోగేది. కథలు కూడా చెప్పాల్సిందేనని సైగ చేసింది. "పొద్దు పొడవకముందే సెట్టు కాడికి ఎల్లిపోవాల," అని మొదలుపెట్టి, దేవి ఆగకుండా చివరిదాకా చెప్పింది. "మా అమ్మని వీపున కట్టుకుని గీసింది మా అమ్మమ్మ," అని తనకి తగ్గట్టు మార్చి చెప్పింది. గ్లాసు ఒక్కసారే మోగింది. మూడేళ్ళు పక్కసీట్లో కూర్చున్నాను, ఆ అమ్మాయి నోట వరసగా నాలుగు తెలుగు వాక్యాలు వినడం అదే మొదలు.

అన్నీ అయ్యాక మైకు తన వైపు తిప్పమంది పైడమ్మగారు. ఏ బొమ్మకి అని అడిగాడు కొడుకు. ఆవిడ దేవి వైపు వేలు చూపించింది. ఆయన అప్పటికప్పుడు దేవి ఫొటో తీసి పెట్టాడు. ఆవిడ గుక్కెడు నీళ్ళు తాగి, మైకు మీదికి వంగి, ఉన్న గొంతంతా కూడదీసుకుని అంది.

"దేవీ, తిన్నావేటి?"

"తిన్నానే అమ్మమ్మా," అంది దేవి. ఆపు బొత్తాం నొక్కడం మరిచిపోయింది, రెండు మాటలూ పడ్డాయి. ఈసారి లుపా తీసేశాం. మెషీన్‌ని ఆపి, లేపి, మళ్ళీ ఆపి, లేపి చూశాం. దేవి ఫొటో మీద నొక్కితే ప్రశ్నా జవాబూ రెండూ వచ్చాయి. అప్పలసామిగారు వెనక్కి తిరిగి కిటికీ వేశాడు, వానేమీ లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పైడమ్మగారికి మాట వస్తోంది గానీ చెవి దగ్గర పెడితే తప్ప వినపడదట. ఆ మధ్యాహ్నం నేను పోగొట్టిన గొంతు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. దేవి గొంతు దానికి బదులు కాదు, దేవే ఆ మాట అంటుంది. అయినా పిల్లలు శనివారాల్లో ఆ బొమ్మలు నొక్కి "దేవక్కా" అని నవ్వుతున్నారట. తప్పు పలికినవాళ్ళకి అమ్మమ్మ గ్లాసు రెండుసార్లు మోగిస్తోందట. దేవి ఇప్పుడు రెండు వారాలకోసారి ఊరెళ్తుంది. సోమవారం పొద్దున ఆఫీసుకి రాగానే నా సీటు దగ్గర ఆగి, "తిన్నావేటి?" అని అడుగుతుంది. మా పని యంత్రాలకి మరుపు నేర్పడం. అది అవసరమైన పనే, దాన్ని ఇంకా చేస్తూనే ఉన్నాను. కానీ ఇప్పుడు ఆ సెట్టింగు పెట్టేముందు ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.

మీరూ ఎవరైనా పెద్దవాళ్ళ మాటలు దాచుకోవడానికి బయలుదేరితే ఒక్క పని చేయండి. మొదటి మాట రికార్డు కాగానే అన్నీ ఆపేసి, మళ్ళీ తెరిచి వినండి. అది వినపడ్డాకే రెండో మాట అడగండి.