మా వదిన గాయని

మా వదిన మొన్న మంగళవారం పొద్దున టెక్సస్‌లోని ప్లేనోలో, ఆస్పత్రిలో పోయింది. ఆ కబురు వాట్సాప్ గ్రూపులో పెట్టినవారు 'భక్తిపరురాలు, పులిహోర చేయడంలో దిట్ట' అని రాశారు. రెండూ నిజమే. కానీ ఆవిడ గాయని. ఆ మాట వదిలేశారు కనుక నేను రాస్తున్నాను.

వదిన మావారి అక్క. చాలా ఏళ్లు స్కూల్ కెఫెటీరియాలో పనిచేసింది. అక్కడ తోటి నల్లజాతి ఆడవాళ్లు ట్రేలు కడుగుతూ, తమ చర్చి పాటల్లోంచి పుట్టిన సోల్ పాటలు పాడుకుంటే గొంతు కలిపేది. రిటైరయ్యాక, అరవై దాటాక, వాళ్లలో ఒకామె తమ్ముడి బ్యాండ్‌తో డాలస్‌లో చిన్న క్లబ్బులో శనివారాలు పాడటం మొదలుపెట్టింది.

మొదటిసారి మేమంతా పట్టుచీరల్లో వెళ్లి, శాస్త్రీయ కచేరీకి కూర్చున్నట్టు కిమ్మనకుండా కూర్చున్నాం. వెనక బల్లలవాళ్లు పాటకు బదులుగా కేకలు వేస్తుంటే, మర్యాద తెలియదనుకుని "ష్" అన్నాం. వదిన పాట ఆపేసింది.

"ఏమర్రా, సంతాపసభకి వచ్చారా? నేను పాడితే వాళ్లు పలుకుతున్నారు. మీరూ పలకండి, లేదా పార్కింగ్‌లో కూర్చోండి!" అంది మైకులోనే, తెలుగులో.

మా తెలుగు అసోసియేషన్ ఉగాదికి వదిన పాడతానంటే కమిటీ ఆయన ఫోన్ చేశారు. "అక్కా, ఏదైనా భక్తిపాట పాడండి. ఈ ఏజ్‌లో ఆ అరుపులు బాగోవు. పిల్లలు వీడియో తీసి పెడతారు."

"తియ్యమను నాయనా. లైటింగ్ మాత్రం నువ్వు చూసుకో."

ఆవిడకి ప్రోగ్రాంలో చోటివ్వలేదు. పులిహోర మాత్రం చేయమన్నారు. చేయనంది. "చిన్నప్పుడు బాగా పాడమన్నారు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు పాడుతున్నా. నచ్చకపోతే అది వాళ్ల గొడవ," అంది నాతో. ఎవరేమనుకుంటారోనన్న బెంగ నాకు ఆ రోజుతో సగం పోయింది.

తర్వాత ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. డాక్టర్ పాడొద్దన్నాడు.

"నన్ను వంటావిడగా సాగనంపకండమ్మా," అంది. ఆ శనివారం నేనే డ్రైవ్ చేసి క్లబ్బుకి తీసుకెళ్లాను. స్టూలు మీద కూర్చుని పాడింది. చివరి పాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోయింది. పాట అయిపోయినట్టే డ్రమ్మర్ గట్టిగా ఒక దెబ్బ వేసి ముగించాడు. బ్యాండ్ ఆగింది. జనం లేచి చప్పట్లు కొట్టారు.

వదిన చెయ్యెత్తి చప్పట్లు ఆపింది. కళ్లు మూసుకుని, ఆ పాటే మొదటినుంచి, ఇంకా నెమ్మదిగా ఎత్తుకుంది. డ్రమ్మర్ కింద పెట్టిన పుల్లలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.