పారిపోయేవాళ్ళు ఫోటో దిగరనుకున్నాను

మదనపల్లెలో ఏటి మీద తెల్లదొరల కాలంనాటి రాతి వంతెన ఒకటి ఉంది. బస్సులూ లారీలూ పక్కనే కట్టిన కొత్త వంతెన మీద పోతాయి. పాతదాని మీద స్కూటర్లు తిరుగుతాయి, పెళ్ళి కుదిరిన జంటలు ఫోటోలు దిగుతాయి. అక్కడ పట్టుచీర కట్టుకుని నిలబడ్డ పిల్లను ఎవరూ ఏమీ అడగరు. రెండిళ్ళ పెద్దలూ ఒప్పుకున్న సంబంధమే అనుకుని పోతారు.

ఇల్లు వదిలి వచ్చిన రోజు నేను ఆ వంతెనను ఎంచుకున్నది అందుకే. కుప్పం బస్సుకు ఇంకా గంట ఉంది. బస్టాండులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తెలిసినవాళ్ళు పసిగట్టేస్తారు. కెమెరా ముందు నిలబడితే ఎవరికీ అనుమానం రాదు. పారిపోయేవాళ్ళు ఎక్కడైనా తీరిగ్గా ఫోటోలు దిగుతారా?

ఈ తెలివి నాకు అంగట్లో అబ్బింది. పుంగనూరు బస్టాండుకు ఎదురుగా మా నాయనది కిరాణా అంగడి. చింతపండు బస్తాల మీద కూర్చుని అక్షరాల కంటే ముందు బేరం నేర్చుకున్నాను. నేను చేసుకోబోయే మనిషి మదనపల్లె మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో పెరిగాడు. ల్యాబులో పని. అబద్ధం ఆడాల్సి వస్తే చెవులు ఎర్రబడే రకం. కుప్పంలో వాళ్ళ పెద్దమ్మ తన చర్చి పాస్టరుతో మాట్లాడి పెట్టింది. కాగితాలన్నీ ముందే ఇచ్చేశాం. మధ్యాహ్నం మూడుకు పెళ్ళి. అంతవరకు మా నాయనకు తెలియకూడదు. తెలిస్తే నన్ను ఇంటికి లాక్కుపోతారు. అతన్ని ఏం చేస్తారో ఊహించే ధైర్యం నాకు లేదు.

ఫోటోగ్రాఫరుతో ఇరవై ఫోటోలకు ఒప్పుకున్నాం. అయినా నా నోరు ఊరుకోలేదు. ముప్పై ఇవ్వాలన్నాను. ఆల్బమ్ అట్ట నాసిగా ఉందన్నాను. మబ్బు పట్టింది కాబట్టి ఇంకొంచెం తగ్గించమన్నాను, ఎండ కూడా అతనే అమ్ముతున్నట్టు. పక్కనున్న పెళ్ళికొడుకు నా కొంగు లాగుతూనే ఉన్నాడు. ఆ బేరం అరగంట పట్టింది. అది లేకపోతే అప్పటికే బస్టాండు చేరేవాళ్ళం, ఆ స్కూటరు కంట్లో పడేవాళ్ళం కాదు.

స్కూటరు మమ్మల్ని దాటిపోయింది. ఆగింది. వెనక్కి తిరిగింది. టమోటా మండీలో కమిషన్ వ్యాపారం చేసే మనిషి, మా నాయనకు చిన్ననాటి స్నేహితుడు. నేను మామా అని పిలుస్తాను.

“నువ్వా పాపా? కుదిరిందని మీ నాయన ఒక్క మాట సెప్పలేదే.”

నిన్ననే కుదిరిందన్నాను.

“మీ అమ్మ యాడుండాది?”

పెళ్ళి కుదిరిన పిల్లను తోడు లేకుండా ఫోటోలకు పంపే ఇల్లు మా వైపు లేదు. అత్తో, పిన్నో, ఎవరో ఒక పెద్దావిడ నీళ్ళ సీసా పట్టుకుని పక్కన ఉండాల్సిందే. చీర తెచ్చుకున్నాను, అదీ అమ్మ బీరువాలోంచి. అద్దెకైనా ఒక పెద్దావిడను తెచ్చుకోవాలని తట్టలేదు. అమ్మ ఎండ పడక ఆటోలో కూర్చుందన్నాను. ఆయన వంతెన ఆ చివరా ఈ చివరా చూశాడు. ఆటో లేదు. ఎండా లేదు. తర్వాత ఎర్రగా కాలుతున్న రెండు చెవుల వైపు చూశాడు.

తాంబూలాలు మార్చుకోలేదు, అప్పుడే ఫోన్ చేసి ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను.

“ఫోన్లో యాల సెప్తాను? పుంగనూరికే పోతాండాను. మీ నాయన చేత్తోనే నోరు తీపి సేయించుకుంటా.”

కుప్పం బస్సు పోయేది పుంగనూరు మీదుగానే. ఇంకో దారిలో పోతే మూడింటికి చేరలేం. కిటికీ పక్కన తల దించుకుని కూర్చున్నాను. దారి పొడుగునా అబద్ధాలు అల్లుకున్నాను, ఒక్కటీ నిలబడలేదు. పుంగనూరులో బస్సు ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. రోడ్డుకు అవతల మా అంగడి నిండా జనం. మామ లోపల నిలబడి ఉన్నాడు. మా నాయన కలకండ డబ్బా తీసి అందరి చేతుల్లో పెడుతున్నాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి సీట్లో ఇంకా కిందికి జారాను.

అంగట్లో కూర్చున్నప్పుడు మా నాయన నోట ‘తెలీదు’, ‘లేదు’ అన్న మాట రాదు. లేని సరుకు అడిగినా రేపొస్తుందంటాడు. పదిమంది ముందర ఆ మామ శుభాకాంక్షలు చెబితే, నాకు తెలీదని ఎలా అంటాడు? ఆ సంగతి నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు కనబడిందల్లా ఆయన రోడ్డు దాటి బస్సు వైపు రావడమే. అమ్మ చీర కొంగు కిటికీలోంచి బయటికి వేలాడుతోందట.

కిటికీ కింద నిలబడి, నవ్వు చెదరకుండా, చాలా మెల్లగా అన్నాడు.

“నవ్వతా ఉండు. జనం సూస్తాండారు.”

నవ్వాను.

“అందరికీ తీపి పెట్టేసినా. యాడ పెండ్లి?”

“కుప్పంలో నాయనా. మూడింటికి.”

నా పక్కన కూర్చున్న మనిషిని ఒకసారి చూశాడు. దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ అంగడికి రావాలన్నాడు, జనం పోకముందే. సరే అన్నాను. మొదట చెప్పిన ధరకే ఒప్పుకోవడం నా బతుకులో అదే మొదలు.

అయినా నమ్మకం కుదరలేదు. కుప్పంలో మనుషుల్ని పెట్టించి ఉంటాడనుకున్నాను. చర్చిలో పాస్టరు ప్రార్థన చేస్తున్నంతసేపూ నా చెవులు తలుపు వైపే. తలుపు కిర్రుమన్నప్పుడల్లా పెళ్ళికొడుకు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎవరూ రాలేదు. పెళ్ళయింది. తిరుగు బస్సులో పొద్దుటికంటే ఎక్కువ భయపడ్డాను.

మా నాయన మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళందరికీ మా అల్లుడని చూపించాడు. చివరి మనిషి సంచి కట్టుకుని వెళ్ళిపోగానే త్రాసు తుడుస్తూ అటు తిరిగాడు. ఇక ఒక్క మాటా లేదు. లోపల అమ్మ ఏడుపు వినబడింది.

ఇప్పటికీ అంతే. జనం ఉంటే “తిన్నావామ్మా” అని గట్టిగా అడుగుతాడు. లేకపోతే నేనక్కడ లేనట్టే ఉంటాడు. అందుకే అంగడి కిటకిటలాడే వేళ చూసుకుని వెళ్తాను. పప్పు తూయించుకునే ఆవిడను ఉప్పు మరిచావనీ బెల్లం మరిచావనీ ఇంకాసేపు నిలబెడతాను. ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే, ఇంట్లో చింతపండు ఉందా అని అడుగుతాను.