ఇద్దరికీ ఒకే బండి

మెడలో టేపు లేకుండా ఆ దర్జీ అమ్మాయిని చూసినవాళ్లు లేరు. ఏ వస్తువైనా సరే, కొలవనిదే నమ్మదు. చంకలో నెలల పిల్లాడు, కాళ్లకు అడ్డంపడుతూ మూడేళ్ల కూతురు. తను కూర్చుని తిరిగే తోపుడుబండి తమ్ముడికి ఇచ్చేసినప్పటి నుంచి ఆ పిల్ల నడవనంటూ నడిరోడ్డు మీదే కూలబడుతోంది. "కాస్త పెద్దదైతే అదే సర్దుకుంటుందిలే," అన్నాడు భర్త. "అందాకా నా నడుం ఉండొద్దూ?" అంటూ ఆమె ఇద్దర్నీ తీసుకుని పిల్లల బండ్ల దుకాణానికి బయల్దేరింది. పక్కపక్కన రెండు సీట్లున్న బండికి టేపు పెట్టి, "మా గుమ్మంలో పట్టదు," అంది. ముందొకటి వెనకొకటి ఉన్నది లిఫ్టులో పట్టదంది. దుకాణదారు ఇక చేతులెత్తేశాడు. అంతలో కూతురు మూలనున్న సన్నటి బండి దగ్గరికి పరిగెత్తి, దాని వెనక నిలబడేందుకున్న చెక్క మీదకెక్కి, పిడి పట్టుకుని నిలబడింది. తల్లి గబగబా కొలిచింది. గుమ్మం కన్నా వేలెడు తక్కువే, లిఫ్టులోనూ పడుతుంది! పిల్లాణ్ణి ముందు సీట్లో పడుకోబెట్టి తోస్తే వెన్నలా కదిలింది. ఆ సాయంత్రం బజారంతా వాళ్లదే. ఎత్తు వీధి కూడా ఆమెకు పల్లంలా తోచింది. తల్లి చేతుల మధ్య మెడ నిక్కించి నిలబడి, పిల్ల దారిపొడవునా కేకలేసింది: "తప్పుకోండి! మా తమ్ముణ్ణి నేనే తీసుకెళ్తున్నా!"