పెదనాన్న మొలతాడుకు రివాల్వర్ తాళంచెవి

మొన్న ఎన్నికల కోడ్ రాగానే, లైసెన్సు ఉన్న తుపాకులన్నీ ఠాణాలో అప్పగించమని కబురొచ్చింది. మా పెదనాన్న, అంటే మా నాన్నకు సొంత అన్న, తన రివాల్వర్‌ను తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని నా కారెక్కాడు. తనకేం పని లేకపోయినా, ఈ వేడుక పోగొట్టుకుంటే ఎలా అన్నట్టు నాన్న కూడా వెనక సీట్లో సర్దుకున్నాడు. ఠాణాలో కుర్ర కానిస్టేబుల్ తూటాలు లేవని చూసుకుని ట్రిగ్గర్ నొక్కాడు. కదల్లేదు. రెండు చేతులతో నొక్కినా కదల్లేదు. "ఖరాబైంది సార్ ఇది. పని చేస్తలేదని రాయాల్నా?" అన్నాడు. "ఖరాబు కాలే, తాళమేసున్నది" అన్నాడు పెదనాన్న. "తాళం తియ్యి మరి!" పెదనాన్న అటూ ఇటూ చూశాడు. ఎదుటి బల్ల దగ్గర ఒక ఆడ కానిస్టేబుల్ కూర్చుని ఉంది. ఆయన రివాల్వర్ తీసుకుని బీరువా చాటుకు పోయి, గోడకేసి తిరిగి, పంచె సడలించుకోవడం మొదలుపెట్టాడు. "ఏం జేస్తున్నవయ్యా!" అని ఆ కుర్రాడు కుర్చీలోంచి లేచాడు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నాన్నకు ఆ మొహమాటం కూడా లేదు, పగలబడి నవ్వాడు.

ఇది అర్థం కావాలంటే ఆ రివాల్వర్ మా ఇంటికి వచ్చిన రోజు దగ్గరికి పోవాలి. మా పొలాలు టేకులపల్లి దాటాక అడవిని ఆనుకుని ఉంటాయి. మక్కచేలోకి ఎలుగుబంట్లు చుట్టాల్లా వచ్చిపోతుంటాయి. పొద్దు వాలితే ఆ దారిలో మనుషుల మీద కూడా నమ్మకం ఉండేది కాదు. అందుకని ఆత్మరక్షణ పేరు చెప్పి పెదనాన్న లైసెన్సు తెచ్చుకున్నాడు. నన్నడిగితే ఆత్మరక్షణ కావలసింది ఆయనకు కాదు, ఆయన కోపం నుంచి మిగతా ఊరికి! ఒకసారి స్టార్ట్ కాలేదని మోటారు సైకిల్‌ను వాగులోకి తోసేసి, సాయంత్రానికి తనే దిగి, పైకి లాగి, తన తువ్వాలుతోనే తుడిచిన మనిషి. కోపం ఎంత జల్దీ వస్తుందో అంత జల్దీ పోతుంది. ఆ రావడానికీ పోవడానికీ మధ్య ఎదుట ఎవరున్నారన్నదే ఇంటిల్లిపాదికీ భయం.

ఆ రివాల్వర్‌కు ఒంట్లోనే తాళం ఉంది. పక్కన చీమ దూరేంత రంధ్రం. అందులో అగ్గిపుల్లంత తాళంచెవి పెట్టి తిప్పితే ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది. ఆ సంగతి వినగానే పెద్దమ్మ కళ్లు మెరిశాయి. "పిల్లలు తిరిగే ఇల్లు. తాళమేసే ఉంచు. చెవి బీరువాల పెడితే పోరగాండ్లు తీస్తరు. నీ మొలతాడుకు కట్టుకో, ఎటూ పోదు" అంది. పెదనాన్న ఇంతెత్తున లేచాడు. "ఎలుగ్గొడ్డు మీద పడితే, తాళం తీసేదాంక ఆగమని చెప్పాల్నా?" "దానికి నేను చెప్పుకుంటగని, నువ్వైతే కట్టుకో" అని పెద్దమ్మ మనవడి తల మీద ఒట్టు వేయించుకుని, స్వయంగా ముడి వేసింది. ఎంత పొట్టిగా వేసిందంటే, తాళం తీయాలంటే పంచె సడలించి, తుపాకిని బొడ్డు దగ్గరికి తెచ్చి, నడుం వంచాల్సిందే. ఉన్న రెండో చెవిని ఎక్కడ దాచిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

ఇక ఆ రోజు! నాట్ల కాలం. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే బోరు, రోజు విడిచి రోజు వంతు. పెదనాన్న వంతు రోజున నాన్న నీళ్లు తన మడికి మళ్లించుకున్నాడు. తప్పు నాన్నదే, ముమ్మాటికీ. పీకిపెట్టిన నారు ఎండిపోతుంటే పెదనాన్నకు తల తిరిగిపోయింది. ఇంటికి పోయి రివాల్వర్ తీసుకుని గట్టు వెంబడి ఉరుకుతూ వచ్చాడు. నేను నాన్నకు సద్ది తెచ్చి అక్కడే నిలబడి ఉన్నాను. నాన్న మోకాలి లోతు బురదలో పార పట్టుకుని, పారిపోవడం మాని రొమ్ము విరిచాడు. "కాల్చు అన్నా! కాల్చు, చూస్త!" పెదనాన్న గురిపెట్టాడు. సద్ది గిన్నె జారవిడిచాను. ఆయన నొక్కాడు. కదల్లేదు. మళ్లీ నొక్కాడు. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, ఎడమ చెయ్యి నడుం మీదికి పోయింది. నాటు వేస్తున్న ఆడవాళ్లంతా నారు కట్టలతో నిటారుగా నిలబడి చూస్తున్నారు. సగం మంది ఆయన్ని మామా అని పిలిచేవాళ్లే. పంచె దగ్గర చెయ్యి ఆగిపోయింది. వాళ్లలో ఒక ముసలమ్మ గట్టిగా అంది, "ఏందయ్యా, తుపాకి తీసినవ్, ఇగ పంచె గూడ ఇప్పుతవా?"

ముందు నవ్వింది నాన్న. నవ్వి నవ్వి బురదలో కూలబడ్డాడు. ఆ తర్వాత మడి మడంతా నవ్వింది. పెదనాన్న గట్టు మీద చతికిలబడ్డాడు. నేను పరుగెత్తి దగ్గరికి పోతే రివాల్వర్‌ను గట్టు మీద పెట్టి దూరంగా నెట్టాడు. "నేను నొక్కిన బిడ్డా. నిజంగనే నొక్కిన. మీ నాయనకు చెప్పకు" అన్నాడు నాకొక్కదానికే వినబడేటట్టు. నేను చెప్పలేదు. నాన్న మాత్రం ఆనాటి నుంచి పెళ్లిళ్లలో, బంతి భోజనాల్లో, కనబడిన ప్రతివాడికీ ఈ కథ చెబుతూనే ఉన్నాడు, మా అన్న ఉత్తగ బెదిరిచ్చిండు అని. చెప్పినప్పుడల్లా పెదనాన్న తల వంచుకుంటాడు, నాకు నాన్న మీద కోపం వస్తుంది.

మొన్న ఠాణా బయట చాయ్ తాగుతూ ఆ కోపం దాచుకోలేకపోయాను. "పెద్దమనిషిని ఎందుకట్ల నలుగురిలో నవ్వులపాలు చేస్తవు నాయనా?" అన్నాను. నాన్న గ్లాసు కింద పెట్టాడు. "మా అన్న నొక్కుడు నేను చూసిన బిడ్డా. నా మీదికే గద గురి, నాకు కనబడదా? నేను గప్పుడు నవ్వకపోతే ఆయన ఆ పొద్దే చెరువుల పడి సచ్చేటోడు. బెదిరిచ్చిండని పదిమంది అనుకోవాలె, నేనూ గట్లనే అనుకుంటున్ననని ఆయన అనుకోవాలె. ఆయనకు చెప్పకు." ఇంతలో పెదనాన్న రసీదు జేబులో పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. "అన్నా, పంచె గట్టిగ కట్టుకున్నవా?" అని నాన్న కేకేశాడు. "నీ నోట్ల మన్ను పొయ్య" అని తిట్టి, పెదనాన్న తమ్ముడి చాయ్ గ్లాసు లాక్కుని తాగాడు.

ఇన్నేళ్లూ నేను దాన్ని ఎగతాళి అనుకున్నాను. క్షమించడం ఒక్క పూటలో అయిపోయే పనని కూడా అనుకున్నాను. మా నాన్న మాత్రం, ఆ క్షమ కాలం గడిచేకొద్దీ పాతబడిపోకుండా, నవ్విన ప్రతిసారీ అన్నను మళ్లీ కొత్తగా క్షమిస్తూ వచ్చాడు.